సాంచాల మేడ మీద ఇంటిబడి

మా అమ్మాయిని బాలమందిరంలో వేద్దామని గులాబీ రంగు సంచీ కొన్నామో లేదో, ఊళ్లో బళ్లన్నీ మూతపడ్డాయి. కొన్నాళ్లు ఆ సంచీ గోడకు వేలాడింది. ఇంకొన్నాళ్లు పిల్ల దాన్ని భుజాలకు తగిలించుకుని వంటగది నుంచి వాకిలి దాకా బడికి వెళ్లివచ్చింది. లాక్‌డౌన్ ఇప్పట్లో తేలే వ్యవహారం కాదని అర్థమయ్యాక నేను దాంట్లో ఉల్లిగడ్డలు పోసుకున్నాను. పిల్ల చదువు ఆగిపోయిందని మా ఆయన ఎప్పుడూ అనలేదు గానీ, కొత్త సంచీకి ఉల్లి వాసన పట్టించానని మాత్రం చాలాకాలం దెప్పాడు.

మేముండేది సూరత్‌లో, గోడాదరాలో. కింద సేటు కార్ఖానా, పైన రెండు గదుల్లో మేము. కార్ఖానా నిండా సాంచాలే, అంటే కరెంటు మగ్గాలు. మా ఆయన అక్కడే పని చేస్తాడు. ఆయనకు ముందు మా మామ చేశాడు. సిరిసిల్ల వైపు నుంచి మీసాలు రాని వయసులో ఇక్కడికి వచ్చి, మీసాలు నెరిసేదాకా చేశాడు. సాంచాలు నడుస్తుంటే మా ఇంట్లో బోర్లించిన గిన్నెలు వాటంతటవే జరుగుతాయి. కొత్తగా వచ్చిన చుట్టాలు తల పట్టుకుని కూర్చుంటారు. మాకు అవి ఆగితేనే తలనొప్పి.

ఆ చప్పుడులో నోటిమాట పనికిరాదు. అందుకని కార్ఖానాలో అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. రెండు చూపుడువేళ్ల కొసలు ఆనించి విడదీస్తే పోగు తెగింది, రా అని. బొటనవేలు, చూపుడువేలు కలిపి మెలి తిప్పితే ముడి వెయ్యమని. అరచేయి ముందుకు తోస్తే సాంచా నడిపించమని. బొటనవేలు నోటివైపు వంచితే చాయ్. కడుపు ముందు చెయ్యి గుండ్రంగా తిప్పితే సేటు వస్తున్నాడని. ఈ చివరి సైగను సేటు కూడా చాలాసార్లు చూశాడట. పాపం, వీళ్లకు ఆకలేస్తోంది కాబోలనుకుని ఒకట్రెండుసార్లు బజ్జీలు కూడా తెప్పించాడట.

మా మామ చెవులను ఆ సాంచాలే తినేశాయి. ఆయన మాత్రం ఒప్పుకోడు. "నాకు మంచిగనే వినవడ్తది. మీకే మాట్లాడరాదు" అంటాడు. నిజానికి ఆయన మన పెదాలు చూసి మాట పట్టేస్తాడు. గట్టిగా అన్నా పడతాడు, మెల్లగా అన్నా పడతాడు. ఆయన ఎదురుగా గొణుక్కునే సుఖం కూడా నాకు లేకుండా పోయింది. మా అత్తమ్మ అదే కార్ఖానాలో దారం కండెలు చుట్టేది. ఆమె ఉన్నన్నాళ్లూ ఇద్దరూ వంటింట్లో చేతులతోనే పోట్లాడుకునేవాళ్లు, చేతులతోనే రాజీపడేవాళ్లు. ఆమె పోయాక ఆయన చేతులకు పని తగ్గింది. మా ఆయనకు ఈ సైగలన్నీ వచ్చు గానీ, పొద్దంతా చేతులు ఊపి వచ్చిన మనిషి ఇంట్లో మళ్లీ ఊపడు. ఇక నేను కార్ఖానాలో ఎప్పుడూ పని చేయలేదు. ఇంట్లోనే కూర్చుని చీరలకు రాళ్లు అంటిస్తాను. సైగలు చూస్తే అర్థమవుతాయి, చేయబోతే వేళ్లు తిరగవు. అందుకని నేను అరుస్తాను.

లాక్‌డౌన్‌లో సాంచాలు ఆగిన సంగతి ఇంట్లో అందరికంటే ముందు కనిపెట్టింది మామే. మంచం మీద నుంచి కాళ్లు దించి, నేలకు పాదాలు ఆనించి, "నేల సచ్చిపోయింది" అన్నాడు. పనివాళ్లంతా మూటలు కట్టుకుని ఊళ్లకు వెళ్లిపోయారు. సాంచాలు చూసుకుంటూ ఉండమని సేటు చెప్పడంతో మేము ఉండిపోయాం. ఆ నిశ్శబ్దంలో మా పిల్లకు నిద్ర పట్టేది కాదు. ఎక్కడైనా తల్లులు పిల్ల పడుకుంది, చప్పుడు చేయకండి అని కసురుతారు. నేను మధ్యాహ్నం పూట పళ్లెం మీద గరిటెతో కొట్టి మరీ నిద్రపుచ్చాను.

కొన్ని నెలలకు సాంచాలు మళ్లీ కదిలాయి. మాస్కులు మాత్రం పోలేదు. మామకు ఆయాసం. మా ఆయనేమో కార్ఖానాలో పదిమందితో తిరిగి వచ్చేవాడు. అందుకని ఇంట్లో కూడా మామ దగ్గరికి వెళ్లేటప్పుడు మేమిద్దరం మూతికి గుడ్డ కట్టుకునేవాళ్లం. దాంతో ఆయనకు లోకంలోని పెదాలన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి. కూరగాయల బండివాడికి కళ్లే, పాలవాడికి కళ్లే, కన్నకొడుక్కి కూడా కళ్లే.

"అందరు ఎడ్లకు చిక్కం కట్టినట్టు కట్టుకున్నరు. గిట్లయితె నేను ఎవలతోని మాట్లాడాలె?" అని విసుక్కున్నాడు.

మాస్కు లేని మూతి ఇంట్లో ఒక్కటే మిగిలింది. మా అమ్మాయిది. దానికి ఎన్నిసార్లు కట్టినా పీకి కిటికీలోంచి పారేసేది. మామ ఇక దాన్ని వదల్లేదు.

మా ఇంటిబడి మొదలైంది అలా. అంతకుముందు ఫోనులో చదువు చెప్పిద్దామని చూశాం. ఉన్న ఒక్క ఫోను మా ఆయన జేబులో ఉండేది. అది దొరికిన రోజు కింద సాంచాలు నడుస్తుంటే ఫోనులో టీచరమ్మ గాజుతొట్టిలో చేపలాగా నోరు తెరిచి మూసేది. లాభం లేదనుకుని, పదో తరగతి పాసైనదాన్ని, నాకేం తక్కువ అని నేనే కొంగు బిగించాను. పొద్దున తెలుగు అక్షరాలు, మధ్యాహ్నం లెక్కలు, సాయంత్రం హిందీ అనుకున్నాను. అక్షరాల వేళ చీరల పని వచ్చి మీద పడింది. లెక్కల వేళకు పప్పు పొంగింది. హిందీ మాత్రం ఎదురు మేడ పిల్లలతో అటునుంచి ఇటు, ఇటునుంచి అటు తిట్టుకుంటూ అదే నేర్చుకుంది, కొంచెం గుజరాతీ కూడా కలిపి.

మామ బడి అలా కాదు. అది ఒక్కరోజు కూడా నాగా పడలేదు. మెట్ల మలుపు దగ్గర కార్ఖానాలోకి చూసే కిటికీ ఉంది. పొద్దున చాయ్ కాగానే ఇద్దరూ అక్కడ చేరేవాళ్లు. కండెలతో లెక్కలు, దారాలతో రంగులు. ఏ సాంచా మీద పోగు తెగిందో ముందుగా ఎవరు చూస్తే వాళ్లు గెలిచినట్టు. ఎప్పుడూ పిల్లే గెలిచేది. మామ ఎంత బాగా ఓడిపోయేవాడంటే, ఓడిపోవడంలో ఆయనకు ఏదైనా బిరుదు ఇవ్వాలనిపించేది.

"పోగు తెగుడు జూసుడు గూడ చదువేనా మామా?" అని ఒకసారి అరిచాను, మాస్కు కిందికి లాగి.

"మరి? కండ్లు నేర్సుడు చదువు గాదా? నీ పదో తరగతిల ఏం నేర్పిండ్రు? ఉప్పు రెండుసార్లు ఏసుడా?" అన్నాడు. ఆ పూట పప్పులో నిజంగానే ఉప్పు ఎక్కువైంది కాబట్టి మాస్కు మళ్లీ పైకి లాక్కున్నాను.

ఏడాది తిరిగేసరికి వాళ్లిద్దరి చేతులు ఎంత వేగంగా కదిలేవంటే నాకు సగమే అందేది. ఆ సగంలోనూ ఎక్కువ భాగం నా మీద చాడీలే. కార్ఖానాలో లేని సైగలు కూడా ఇద్దరూ కలిసి తయారుచేశారు. చెవి పక్కన రెండు వేళ్లు ఊపితే పిలకలు, అంటే మా అమ్మాయి పేరు. పెదాల ముందు చెయ్యి టపటపా కొట్టుకుంటే నేను. ఆ సైగ చేయాల్సి వచ్చినప్పుడల్లా ఇద్దరికీ నవ్వు ఆగేది కాదు. వీటన్నిటితో పాటు మామ పిల్లకు ఒక నియమం కూడా నేర్పాడు: మూతి కట్టుకున్నోళ్లతోని చేతులతోనే మాట్లాడాలె. కార్ఖానాలో పోగుల ధూళి పీల్చకుండా మూతికి గుడ్డ కట్టుకుని పనిచేసిన కాలం నుంచీ అది ఆయన నియమమే. పిల్ల బుద్ధిగా నేర్చుకుంది.

రెండో ఏడు దీపావళి వెళ్లాక చిన్న తరగతులు తెరుస్తున్నారని కబురొచ్చింది. తల్లిదండ్రులు ఒప్పుకుంటేనే పంపవచ్చు, లేదంటే ఇంట్లోనే చదివించుకోవచ్చు అన్నారు. మా పిల్ల ఒకటో తరగతి వయసుకు వచ్చేసింది. ఇంట్లో అప్పుడు మొదలైంది పంచాయితీ.

మామ ఇంటిబడి పక్షం. మొదట జబ్బొస్తుందన్నాడు. అది నిజమే, నాకూ భయంగానే ఉంది. పిల్లలకింకా సూదులు రాలేదన్నాడు. అదీ నిజమే. ఆ తర్వాత, పొద్దంతా బెంచీ మీద కూర్చుంటే నడుము వంగుతుందన్నాడు. బడి దారిలో కుక్కలున్నాయన్నాడు. ఆ కుక్కల్లో ఒకదానికి రోజూ రొట్టె పెట్టేది ఆయనే. చివరికి, "ఒంటికి పోవాలన్నా చెయ్యెత్తి అడగాల్నట. ఇదేం బతుకు?" అన్నాడు.

మా ఆయన బడి పక్షం. "పోరికి దోస్తులు వద్దా బాపు? నిన్ను జూసి జూసి అది ముసలిదైతాంది. నిన్న తుమ్మి నడుము పట్టుకున్నది" అన్నాడు.

నేను మధ్యలో గోడ మీద ఉన్నాను. ఇంట్లో ఉండి పిల్ల ఏమీ నేర్చుకోలేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కుదురుగా కూర్చోవడం వచ్చింది, ఒకే నీలిరంగులో ఉన్న తేడాలన్నీ కనిపెట్టడం వచ్చింది, అక్షరాలు కూడా చాలావరకు వచ్చాయి. కాని ఆటలో ఓడిపోవడం రాలేదు. తన వంతు వచ్చేదాకా ఆగడం రాలేదు. తాత దగ్గర వంతులు ఉండవు, అన్నీ దానివే. ముందు ఒకసారి బడి చూసి వద్దామని నేనే అన్నాను. మామ నేనూ వస్తానని చెప్పులేసుకున్నాడు.

రెండు వీధుల అవతల చిన్న బడి అది. లోపల టీచరమ్మ మాస్కు కట్టుకుని, దాని మీద ముఖానికి అద్దంలాంటి తొడుగు కూడా పెట్టుకుని కూర్చుంది. మేమూ మాస్కుల్లోనే ఉన్నాం. మామ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. టీచరమ్మ హిందీలో ఎంతో ముద్దుగా, నీ పేరేంటి బేటా అని అడిగింది. మా అమ్మాయి ఆవిడ మూతివైపు చూసింది. చెవి పక్కన రెండు వేళ్లు ఊపింది.

ఇవి ఎన్ని అని ఆవిడ పెన్సిళ్లు చూపించింది. పిల్ల వేళ్లు చూపించింది. ఈ బొమ్మలో చిలక ఏ రంగు అంది. పిల్ల నా చీర అంచు పట్టుకుని చూపించింది. అన్నీ సరైన జవాబులే. సిగ్గుపడుతోంది కాబోలని నేను మురిసిపోతున్నాను. అంతలో టీచరమ్మ కళ్లు చెమ్మగిల్లాయి. నా వైపు వంగి, మెల్లగా, "ముందే చెప్పి ఉండాల్సిందమ్మా. బాధపడకండి. చాలా తెలివైన పిల్ల. వినపడని పిల్లలకు వేరే మంచి బళ్లు ఉన్నాయి" అంది.

గుమ్మం దగ్గర మామకు ఏమీ అర్థంకాక, ఏమంటోందని పిల్లను చేత్తో అడిగాడు. పిల్ల తన చెవి చూపించి, చెయ్యి అడ్డంగా ఊపింది. నాకు చెవులు లేవట తాతా అని.

"ఎవలకు చెవులు లేవు?" అని మామ అరిచాడు. సాంచాల మీదుగా వినిపించాల్సిన గొంతు అది. వరండాలో ఉన్న ఆయా పరుగెత్తుకొచ్చింది. వెనకాలే బడి పెద్దసారు వచ్చాడు. సేటులాగే మంచి నిండు మనిషి. ఆయన్ను చూడగానే మా అమ్మాయి తాతను హెచ్చరిస్తూ కడుపు ముందు చెయ్యి గుండ్రంగా తిప్పింది. పాపం ఆయన, పిల్లకు ఆకలేస్తోందని బిస్కెట్లు తెమ్మన్నాడు.

"నోరు తెరిచి చెప్పవే!" అని నేను దాని వీపు మీద ఒకటి చరిచాను. అది నన్ను వింతగా చూసింది. అప్పుడు నోరు తెరిచింది. తన పేరు, నాన్న పేరు, గోడాదరాలో మా వీధి పేరు, చిలక రంగు, అన్నీ తాత గొంతుతోనే అరిచింది. టీచరమ్మ కుర్చీ రెండడుగులు వెనక్కి జరిగింది. మరి ఇందాకటి నుంచి ఎందుకు మాట్లాడలేదు బేటా అని ఆవిడ అడిగింది.

"మీరు మూతి కట్టుకున్నారు కదా, మీకు వినపడదు కదా" అంది మా పిల్ల, హిందీలో, ఎంతో జాలిగా.

ఆవిడ మాస్కు వెనక నవ్వింది. భుజాలు కదిలాయి కాబట్టి తెలిసింది. సోమవారం నుంచి పంపండి, గొంతు మాత్రం కాస్త తగ్గించి పంపండి అంది.

ఇంటికొచ్చాక తండ్రీకొడుకులిద్దరూ ఇదే సంగతిని రెండు చేతులతో పట్టుకుని చెరోవైపు లాగారు. "చూసిండ్రా? నా మనవరాలిని చెవిటిదన్నరు. ఆళ్లకేం తెల్వది. ఇంట్లనే ఉంచుండ్రి" అని మామ. "చూసినవా బాపు? గందుకే బడికి పంపాలె అంటున్న" అని మా ఆయన. నేను ఎవరి పక్షమూ చేరకుండా చీరలు ముందేసుకుని కూర్చున్నాను.

ఆ మధ్యాహ్నం పిల్ల నిద్రపోయింది. మామకు చాయ్ ఇద్దామని మెట్ల మలుపు దగ్గరికి వెళ్లాను. ఆయన కిటికీ పక్కన ఒక్కడే ఉన్నాడు, నన్ను చూడలేదు. ఒళ్లో పెట్టుకున్న చేతులు మెల్లగా కదులుతున్నాయి. ఎదురుగా ఎవరూ లేరు. చాయ్, అన్నాయి. పిలకలు, అన్నాయి. ఆ తర్వాత నాకు తెలియని సైగ ఏదో చేశాయి. బహుశా అది అత్తమ్మ పేరేమో. గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. కుక్కలు, బెంచీలు, ఒంటికి పోవడాలు, అవన్నీ ఎందుకో అప్పుడు అర్థమైంది. పిల్ల పొద్దున బడికి వెళ్తే మళ్లీ అది వచ్చేదాకా ఆయనతో మాట్లాడే మనిషి ఒక్కరూ ఉండరు. కొంగుతో కళ్లు తుడుచుకుని, గ్లాసు ఆయన పక్కన పెట్టి వచ్చేశాను.

సాయంత్రం వంటింట్లో మా ఆయనతో చెప్పాను. ఇద్దరమే ఉన్నాం కాబట్టి మాస్కులు తీసేసి ఉన్నాం.

"ఈ ఒక్క ఏడు ఇంట్లనే ఉంచుదాం."

"ఏందే, నువ్వు గూడ ముసలాయన దిక్కేనా?"

"అది పోతె మామతోని ఎవలు మాట్లాడుతరయ్యా?"

నేను కళ్లు తుడుచుకుని తల ఎత్తేసరికి గుమ్మంలో మామ నిలబడి ఉన్నాడు. ఆయన చూపు నా పెదాల మీదే ఉంది. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. ఖాళీ గ్లాసు గట్టు మీద పెట్టి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున ఉల్లిగడ్డ కోసం చూస్తే సంచీ లేదు. ఉల్లిగడ్డలన్నీ బకెట్లో ఉన్నాయి. సంచీ ఉతికి, లోపలివైపు బయటికి తిప్పి, మేడ మీద తీగకు ఆరేసి ఉంది. మామ పక్కనే కాపలా కూర్చున్నాడు. వాసన పోయిందో లేదో చూడమని నా ముక్కు దగ్గర పెట్టాడు. పోలేదు. పోయిందన్నాను.

సోమవారం మామ, నేను, పిల్ల ముగ్గురం కలిసి బడికి వెళ్లాం. పెద్దవాళ్లు గేటు దాటి రాకూడదన్నారు. పిల్లలు లోపల దూరం దూరంగా, మాస్కులు కట్టుకుని వరుసలో నిలబడ్డారు. గేటు బయట తల్లులందరూ నీళ్లు తాగు, మాస్కు తియ్యకు అని అరుస్తున్నారు. ఎవరి మాట ఎవరి పిల్లకు చేరిందో దేవుడికే తెలియాలి. మా అమ్మాయి ముందుకు నడుస్తూ నడుస్తూ ఆగి, వెనక్కి తిరిగింది. మాస్కు పైన కళ్లు నీళ్లతో నిండిపోయి ఉన్నాయి. రెండు చూపుడువేళ్ల కొసలు ఆనించి, విడదీసింది.

పోగు తెగింది, రా.

టాటా చెబుతోంది చూడండి అని పక్కనున్న తల్లి ముచ్చటపడింది. నేను మామవైపు చూశాను. ఆయన గేటు ఊచలు పట్టుకుని ఉన్నాడు. ఇన్నేళ్లలో ఆ సైగ చూసి ఆయన పరుగెత్తకుండా ఉన్నది లేదు. ఒక్క అడుగు వేసి గేటు తోస్తే పిల్ల వచ్చి ఒళ్లో పడుతుంది, మా ఇంటిబడి మళ్లీ తెరుచుకుంటుంది. అది ఆయనకూ తెలుసు. ఊచల మీద నుంచి చేతులు తీసి, పిల్లకు కనిపించేలా పైకెత్తాడు. బొటనవేలు, చూపుడువేలు కలిపి మెలి తిప్పాడు. ముడి వెయ్యి. అరచేయి ముందుకు తోశాడు. నడిపించు.

అది అరచేత్తో కళ్లు తుడుచుకుంది. తర్వాత తిరిగి వరుసలోకి వెళ్లిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు మామ నాకంటే ముందు నడిచాడు. భుజం మీది తువ్వాలతో మాటిమాటికీ ముఖం తుడుచుకుంటున్నాడు. ఏదైనా మాట్లాడాలనిపించింది. నా మూతికి మాస్కు, వీధి నిండా సాంచాల చప్పుడు. పరుగున ఆయన ముందుకు వెళ్లి నిలబడి, చాయ్ తాగుతారా అని చేత్తో అడిగాను. బొటనవేలు నోటివైపు తిరగక నాలుగువైపులా వంగింది.

ఆయన నా చెయ్యి చూశాడు. ఎర్రబడిన కళ్లతోనే నవ్వాడు.

"నీ చేతులకు నత్తి ఉన్నది బిడ్డా" అన్నాడు, వీధి వీధంతా తిరిగి చూసేలా. "ఇంటికి పోయినంక కిటికీ కాడ కూసో. జర నేర్పిస్త."

ఆ పూట చీరలు పక్కన పెట్టి, కిటికీ దగ్గర పిల్ల కూర్చునే పీట మీద కూర్చున్నాను.